కమ్చట్కాలో భూకంపం, తిరువాన్మియూర్‌లో ఫోను: నిజంగా వస్తే మనకి చెప్పేదెవరు?

బందరు పిల్ల (తిరువాన్మియూర్, చెన్నై), 30 జూలై 2025, రాత్రి 9.12

పొద్దున ఇంకా పాలప్యాకెట్లు కూడా లోపలికి తెచ్చుకోలేదు, బందరు నుంచి అమ్మ ఫోను. "టీవీలో సునామీ అంటున్నారు, మీరు సముద్రం పక్కనే ఉంటారు, పిల్లల్ని తీసుకుని మీ ఆడపడుచు వాళ్ళింటికి పొండి" అని ఒకటే గోల. చూస్తే భూకంపం వచ్చింది రష్యాలో, కమ్చట్కా దగ్గర. 8.8 తీవ్రత, మన టైము తెల్లవారుజాము 4.54కి. అది పసిఫిక్ మహాసముద్రం. మనకి ముప్పు లేదని హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ వాళ్ళు చెప్పేశారు కూడా. అదే అమ్మకి చెప్పాను. "అప్పుడు మాత్రం ఎవరు చెప్పారే?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

అప్పుడంటే 2004 డిసెంబరు 26. ఆ రోజు పౌర్ణమి. మంగినపూడి బీచిలో స్నానాలకి దిగినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. అమ్మ కూడా బయల్దేరాల్సిందే, నాన్నకి జ్వరమని ఆగిపోయింది.

నా ప్రశ్న ఒక్కటే. రేపు మన బంగాళాఖాతం అవతలే భూమి కదిలితే, ఈ రెండో అంతస్తులో ఇడ్లీ పిండి రుబ్బుకుంటున్న నాకు ఎవరు, ఎంతసేపట్లో చెప్తారు? మా ఇంట్లోంచి అల కనపడదు గానీ, రాత్రి పదకొండు దాటాక చప్పుడు వినపడుతుంది. అంత దగ్గర.

మైలాపూర్ తాతయ్య, 30 జూలై, రాత్రి 9.50

అమ్మాయీ, మీ అమ్మగారన్నది అక్షరసత్యం. నేనప్పుడు శాంథోమ్‌లో ఉండేవాణ్ణి. ఆదివారం. ఆరున్నరకి మంచం ఊగింది, గోడగడియారం ఊగింది. వీధిలో అందరం బయటకొచ్చాం. మార్గళి మాసం కదా, ఆడవాళ్ళు వేస్తున్న ముగ్గులు సగంలో ఆపి చూస్తున్నారు. ఓ పావుగంట కబుర్లు చెప్పుకుని, కాఫీలకి మళ్ళీ లోపలికి పోయాం. సుమత్రా పేరు అప్పటికి ఎవరి నోటా రాలేదు.

మెరీనాలో నీళ్ళొచ్చింది తొమ్మిది కావస్తుండగా. అంటే మంచం ఊగినప్పటి నుంచి దాదాపు రెండున్నర గంటలు మా చేతిలో ఉన్నాయి. ఆ రెండున్నర గంటల్లో నేను స్నానం చేసి, టిఫిను చేసి, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను.

నా కడుపు మండేది ఇంకోటి ఉంది. కార్ నికోబార్‌లో వైమానిక దళ స్థావరం మునిగిపోతోందని మద్రాసు వైపు కబురు వచ్చింది ఎనిమిది లోపలే. ఆ మాట బీచిలో క్రికెట్టు ఆడుకుంటున్న పిల్లల దాకా నడవడానికి గంట చాలలేదు. నగరంలోనే రెండు వందల మందికి పైగా పోయారు. నాగపట్నం సంగతి చెప్పక్కర్లేదు, ఆరు వేలు దాటింది.

కొలమానం (పళ్ళికరణై), 30 జూలై, రాత్రి 10.31

తాతయ్యగారూ, అప్పుడు చెప్పేవాళ్ళే లేరు. పసిఫిక్‌లో హవాయి సునామీ హెచ్చరిక కేంద్రం 1949 నుంచి ఉంది. మన మహాసముద్రానికి ఏదీ లేదు. హవాయి వాళ్ళు పావుగంటలో 8.0 అని లెక్క కట్టారు, గంట దాటాక 8.5 అన్నారు. అసలు తీవ్రత 9.1 అని తేలడానికి ఇంకా చాలా టైము పట్టింది. వాళ్ళకి తెలిసినా ఇటువైపు ఎవరికి ఫోను చెయ్యాలో తెలియదు.

ఇప్పుడు ఉంది. 2007 అక్టోబరులో హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ కేంద్రం మొదలైంది. (సముద్రం లేని ఊళ్ళో సముద్రం ఆఫీసని నవ్వకండి. ముంపుకి దూరంగా ఉండడం కూడా ఒక అర్హతే.) 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో కలిసి హిందూ మహాసముద్ర దేశాలన్నిటికీ బులెటిన్లు ఇస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లో మొదటి బులెటిన్ ఇవ్వాలన్నది వాళ్ళు పెట్టుకున్న లక్ష్యం.

అది ఎలాగంటే, భూకంప తరంగం భూమిలో సెకనుకి కిలోమీటర్ల లెక్కన పరిగెడుతుంది. సునామీ అల వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. 4,000 మీటర్ల లోతులో గంటకి 700 కిలోమీటర్లు, పది మీటర్ల లోతుకొచ్చేసరికి 36 కిలోమీటర్లు. అంటే భూకంపం కబురు అల కంటే ముందే వస్తుంది. ఎక్కడ, ఎంత తీవ్రతతో కదిలిందో తెలియగానే, ముందే లెక్కగట్టి దాచిన వేల నమూనాల్లోంచి దగ్గరిది తీసి, ఏ తీరానికి ఎన్నింటికి, ఎంత ఎత్తున రావచ్చో చెప్తారు. రెండు మీటర్లు మించితే వార్నింగ్, జనాన్ని ఖాళీ చేయించాలి. అర మీటరు నుంచి రెండు మీటర్లయితే అలర్ట్, బీచి వైపు పోకూడదు. అంతకంటే తక్కువైతే వాచ్, అధికారులు మెలకువగా ఉంటే చాలు.

తర్వాత సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరాలు నిజంగా అల పుట్టిందో లేదో చూస్తాయి. కిలోమీటర్ల లోతు నీళ్ళ కింద కూర్చుని, పైన నీటిమట్టం ఒక సెంటీమీటరు మారినా పసిగడతాయి. అవి పైన తేలుతున్న బోయా అనే డబ్బాకి శబ్దం ద్వారా చెప్తాయి, బోయా ఉపగ్రహానికి చెప్తుంది. ఆ బోయాల పని చూసే సముద్ర సాంకేతిక సంస్థ ఎన్.ఐ.ఓ.టి. మా పళ్ళికరణైలోనే ఉంది.

సోమరి, 30 జూలై, రాత్రి 10.40

పది నిమిషాలా? మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అయిదు నిమిషాలకే వచ్చేస్తుంది, నాసా చెప్పిందని. రాత్రికి విశ్వకిరణాలు కూడా.

నిర్వాహకుడు, 30 జూలై, రాత్రి 11.02

"ఇంకో 48 గంటల్లో చెన్నై" అంటూ ఎవరో పెట్టిన ఫార్వార్డు తీసేశాను. భూకంపాన్ని తేదీతో ముందే చెప్పే విద్య లోకంలో ఎవరి దగ్గరా లేదు. సునామీ హెచ్చరిక వేరు, అది భూకంపం వచ్చాక ఇచ్చేది. మళ్ళీ పెడితే ఖాతా ఆపేస్తాను.

ఓఎమ్మార్ ఓబులు, 31 జూలై, ఉదయం 8.15

అంతా బానే ఉంది కొలమానం అన్నా, మరి 2012 ఏప్రిల్ 11 సంగతేంది? నేనప్పుడు పెరుంగుడిలో పని చేస్తాండా. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి కూచున్యా, కుర్చీ కదిలింది. ఎనిమిదో అంతస్తు నుంచి మెట్లు దిగినాం. సుమత్రా దగ్గర 8.6 అన్నారు. సునామీ వస్తాందన్నారు. ఆఫీసులన్నీ ఒకేసారి వదిల్నారు, ఓఎమ్మార్ మీద బండి పక్కన బండి, ఇంటికి పోయేసరికి రాత్రయింది. సునామీ రాలా. మా రూమ్మేట్లు ఇద్దరు ఏం చేసినారో తెల్సా? బీసెంట్ నగర్ బీచికి పోయినారు, చూసొద్దామని! పోలీసులు తరిమితే వచ్చినారు. ఇట్లా రెండుసార్లు ఉత్తుత్తి హెచ్చరికలిస్తే మూడోసారి ఎవడు నమ్ముతాడు? నాన్నా పులి కథే గదా.

కొలమానం, 31 జూలై, ఉదయం 9.04

ఓబులూ, పులి కథలో పిల్లాడు అబద్ధమాడాడు. 2012లో ఎవరూ అబద్ధమాడలేదు. 8.6 అంటే చిన్నది కాదు. రెండు గంటలకి మళ్ళీ 8.2 వచ్చింది. 2004లో సముద్రం అడుగు 1,300 కిలోమీటర్ల పొడవున పైకి లేచింది, నీళ్ళని ఎత్తి పడేసింది. 2012లో ఒకే భూపలక లోపల, చీలిక వెంట నేల పక్కపక్కకి జారింది. గిన్నెలో నీళ్ళు పోసి, అడుగు నుంచి గరిటెతో తన్నితే ఎగిరి పడతాయి. అదే గరిటెని అడ్డంగా జరిపితే ఏమవుతుంది? కాస్త ఊగుతాయి, అంతే. కానీ మొదటి పది నిమిషాల్లో చేతిలో ఉండేవి స్థలం, లోతు, తీవ్రత మాత్రమే. జారిందా, లేచిందా అన్నది తర్వాత తేలుతుంది. అందుకే ముందు చెప్పి, బోయాలూ రేవుల్లో నీటిమట్టం మీటర్లూ చూసి, అదే సాయంత్రం ఎత్తేశారు. ఆ రోజు నికోబార్‌కి వార్నింగ్, మనకి అలర్ట్ మాత్రమే. అలర్ట్ అంటే బీచికి పోవద్దని. ఆఫీసులు వదిలి రోడ్డు మీద పడమని ఎవరూ చెప్పలేదు.

తక్కువ చెప్పడం ఇంకా ప్రమాదం. 2011లో జపాన్ మూడు నిమిషాల్లోనే హెచ్చరించింది. కానీ తొలి లెక్కలో తీవ్రత 7.9 అని వచ్చింది. ఇవాతే, ఫుకుషిమా తీరాలకి మూడు మీటర్లన్నారు. మూడు మీటర్లే కదా, గోడ ఉంది కదా అని కొందరు ఆగిపోయారు. సవరించిన అంకె కరెంటు పోయిన ఇళ్ళకి చేరలేదు. ఇప్పుడు వాళ్ళు అంత పెద్ద భూకంపమైతే మొదట అంకె చెప్పరు, "చాలా పెద్దది" అని మాత్రం అంటారు.

ఓఎమ్మార్ ఓబులు, 31 జూలై, ఉదయం 9.20

గరిటె బాగుంది. ఒప్పుకున్యా. కానీ అలర్టుకీ వార్నింగుకీ తేడా నాకు పదమూడేళ్ళ తర్వాత నువ్వు చెప్తే తెల్సింది. నేను ఇంజినీరుని. మా వీధిలో పూలమ్ముకునే ఆమెకి ఎట్ల తెలుస్తాది?

దివి మనవరాలు (పెరంబూరు), 31 జూలై, మధ్యాహ్నం 1.37

మాటల సంగతి వచ్చింది కాబట్టి. మా తాతమ్మ వాళ్ళది అవనిగడ్డ దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆ ఇంట్లో మిగిలింది ముగ్గురు. మా ఇళ్ళల్లో ఉప్పెన అంటే తెలియని పిల్లలుండరు. సునామీని కూడా పెద్దవాళ్ళు ఉప్పెన అనే అంటారు. అక్కడే చిక్కు. ఉప్పెనకి ముందు రెండు రోజులు గాలి, వాన, రేవులో ఎగరేసే జెండాలు ఉంటాయి. ఆకాశం చెప్తుంది. సునామీకి ఆకాశం ఏమీ చెప్పదు. 2004లో ఎండ కాస్తోంది. మా మేనమామ అంటాడు, "వాన లేకుండా ఉప్పెనేంటి, కట్టుకథ" అని. ఆయన లాంటివాళ్ళు సైరన్ మోగినా పైకి చూస్తారు, మబ్బు లేదు కదా అని ఊరుకుంటారు.

ఇంకో మాట కూడా అందరూ నమ్ముతారు. ముందు సముద్రం వెనక్కి పోతుంది, అది చూసి పారిపోవచ్చని. అది నిజమేనా?

కొలమానం, 31 జూలై, మధ్యాహ్నం 2.10

సగమే నిజం. 2004లో థాయ్‌లాండ్ వైపు ముందు వెనక్కి పోయింది, ఎందుకంటే చీలికకి అటువైపు నేల కుంగింది. మన వైపు నేల లేచింది కాబట్టి మనకీ శ్రీలంకకీ ముందే అల వచ్చింది. వెనక్కి పోవడం ఆ తర్వాత. మొదటి అల వెళ్ళిపోయాక ఏం జరిగిందో చూద్దామని దిగినవాళ్ళని రెండోది పట్టుకుంది. కాబట్టి "సముద్రం వెనక్కి పోలేదు, భయం లేదు" అనుకునే హక్కు చెన్నైవాళ్ళకి లేదు. గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే, అలలు గంటల తరబడి వస్తూనే ఉంటాయి.

కాసిమేడు కలాసీ, 31 జూలై, రాత్రి 8.45

మా గుంటడు టైపు సేత్తన్నాడు, తప్పులుంటే ఒగ్గీండి. మాది శీకాకుళం కాడ. కాసిమేడులో బోటు మీద పదకొండేళ్ళ నుంచి పన్జేత్తన్నాను. ఏటకెల్తే పదీ పన్నెండు రోజులు. ఒడ్డు దాటి కొంచెం దూరం ఎల్లగానే సెల్లు సచ్చిపోద్ది. ఆ తరవాత వైర్‌లెస్సే గతి. దాన్లో తమిళంలో సెప్తారు.

తుపానంటే మాకు అలవాటయిపోనాది. 'పుయల్' అన్న మాట ఇంటే సాలు, వల లాగీసి బోటు ఒడ్డుకి తిప్పీడమే. మరి సునామీకి అలాగ కాదట కదా? ఒడ్డుకి రాకూడదట. మా బోట్లో ఎనమండుగురం, ఆరుగురికి తమిళం సగం సగమే. 'వాంగ' (రండి) అన్నాడా, 'వరాదీంగ' (రావొద్దు) అన్నాడా? ఇంజను సప్పుడులో ఆ రొండు మాటలకీ తేడా తెల్దు. అక్కడే ఉంది మా పేనం.

ఇంకోటి. బోయాలని బోట్లోళ్ళు పాడు సేత్తారని పేపర్లలో రాత్తారు. నిజమే, కట్టీసినోళ్ళు ఉన్నారు. బోయా కింద సేపలు సేరతాయి. అదేటో, దేనికో ఎవలూ సెప్పనేదు మాకు. పసుపు డబ్బా అనుకున్నాం.

మైలాపూర్ తాతయ్య, 31 జూలై, రాత్రి 9.16

నాయనా, ఈ దారంలో ఇప్పటిదాకా రాసిన వాటిలో నీ మాటే పెద్దది. వాంగ, వరాదీంగ!

కొలమానం, 31 జూలై, రాత్రి 10.05

కలాసీ అన్నా, నువ్వు విన్నది నిజం. లోతు నీళ్ళలో సునామీ అల మీటరు ఎత్తు కూడా ఉండదు, వందల కిలోమీటర్ల పొడవున సాగి ఉంటుంది. బోటు కింద నుంచి పోయినా మీకు తెలియదు. ఒడ్డు దగ్గరే అది లేస్తుంది. రేవు నోట్లో ఉండడం అన్నిటికంటే చెడ్డది. తుపానుకి ఒడ్డుకి, సునామీకి లోతుకి. 2019లో సెల్లు అందని చోట ఉపగ్రహం నుంచి హెచ్చరికలు అందుకునే జెమిని అనే పెట్టె వచ్చింది. మీ సరంగుని అడుగు, బోట్లో ఉందేమో.

బోయాల మాట వింటే సిగ్గేసింది. మేం పరికరాల గురించి పేపర్లు రాసుకుంటాం. ఆ డబ్బా దేనికో కాసిమేడులో ఒక్క సాయంత్రం కూర్చుని చెప్పొచ్చు.

దివి మనవరాలు, 1 ఆగస్టు, ఉదయం 7.50

ఇండోనేషియాలో సిమెలూ అనే దీవి ఉంది. 2004 భూకంపం పుట్టిన చోటికి పక్కనే. అక్కడ 1907లో సునామీ వచ్చినప్పటి నుంచి "స్మోంగ్" అని ఒక మాట, దాని మీద పాటలు, లాలిపాటలు. నేల గట్టిగా ఊగితే కొండెక్కు. అంతే. సుమారు 78,000 మంది ఉన్న దీవిలో 2004లో పోయింది ఏడుగురు. ఏ బోయా, ఏ ఉపగ్రహమూ లేకుండా. అదే దేశంలో పాలూ అనే ఊళ్ళో 2018 సెప్టెంబరులో హెచ్చరిక ఇచ్చారు. కానీ అల నిమిషాల్లో వచ్చేసింది. సైరన్లు మోగలేదు, కరెంటు, ఫోను లైన్లు పోయి ఎస్సెమ్మెస్‌లు చేరలేదు. అదే ఏడాది డిసెంబరులో క్రకటోవా అగ్నిపర్వతం చరియ విరిగి పడితే అసలు భూకంపమే లేదు కాబట్టి హెచ్చరికే లేదు.

మనకి దగ్గర ఉదాహరణ కావాలంటే పుదుచ్చేరి దగ్గర నల్లవాడు. 2004లో ఆ ఊరి కుర్రాడొకడు సింగపూరులో టీవీ చూసి ఇంటికి ఫోను చేశాడు. ఊళ్ళో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళ సమాచార కేంద్రం ఉంది, దానికో మైకు ఉంది. రోజూ అలల ఎత్తు, చేపల ధర చెప్పే మైకు. అందులో పరిగెత్తమన్నారు. ఇళ్ళు పోయాయి, పడవలు పోయాయి, మనుషులు మిగిలారు.

ఓఎమ్మార్ ఓబులు, 1 ఆగస్టు, ఉదయం 8.30

రోజూ మోగే మైకు కాబట్టే ఇన్నారు. మా పక్క జాలర్ల కుప్పంలో ఒక స్తంభానికి మైకులు కట్టినారు హెచ్చరికల కోసరమని. ఇన్నేండ్లలో అది మోగింది నేనినలా. కాకులు గూడు పెట్టినాయి.

సోమరి, 1 ఆగస్టు, ఉదయం 8.41

కాకులైనా ఖాళీ చేయకుండా ఉంటే మంచిదే.

కొలమానం, 1 ఆగస్టు, ఉదయం 10.20

బందరు పిల్లగారి అసలు ప్రశ్నకి ఇంకా సూటిగా చెప్పలేదు. మీ వరుస ఇదీ. హైదరాబాదు నుంచి ఢిల్లీకి, అదే సమయంలో రాష్ట్ర అత్యవసర కేంద్రానికి వస్తుంది. అది చేపాక్ ఎళిలగంలో ఉంది, మెరీనాకి ఎదురుగానే. అక్కడి నుంచి కలెక్టరు, పోలీసు, రేవు, కుప్పాలు. మీ ఫోనుకి మాత్రం నేరుగా రావచ్చు. 2023లో అందరి ఫోన్లూ ఒకేసారి కుయ్యోమన్నాయి గుర్తుందా, పరీక్ష సందేశం అని? అదే సెల్ బ్రాడ్‌కాస్ట్. నంబరు అక్కర్లేదు, టవరు పరిధిలో ఉన్న ప్రతి ఫోనుకీ పోతుంది. మనకి భూకంపం వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరంలో పుడుతుంది కాబట్టి పాలూలో లాగా ఫోన్లు ముందే ఆగిపోవు. అండమాన్ వాళ్ళకి ఆ అదృష్టం లేదు, వాళ్ళకి ఇరవై ముప్పై నిమిషాలే. వాళ్ళు నేల ఊగగానే కదలాలి.

ఇరవై నిమిషాల్లో మీకు తెలిసిందనుకుందాం. రెండు గంటలు మిగులుతాయి. అప్పుడు ఏం చేస్తారు?

బందరు పిల్ల, 1 ఆగస్టు, మధ్యాహ్నం 12.15

కారు తీసి ఆడపడుచు వాళ్ళింటికి వేళచ్చేరి వైపు పోతాం. అంతేగా?

ఓఎమ్మార్ ఓబులు, 1 ఆగస్టు, మధ్యాహ్నం 12.22

అక్కా, పొద్దున తొమ్మిదికి మామూలు రోజే తిరువాన్మియూర్ సిగ్నల్ దాటడానికి ఇరవై నిమిషాలు. ఈసీఆర్ రోడ్డు సముద్రం పక్కనే పోతాది, పడమటికి పోవాలంటే బకింగ్‌హామ్ కాలవ దాటల్ల. వంతెనలు ఎన్నున్నాయో లెక్కపెట్టు.

కొలమానం, 1 ఆగస్టు, మధ్యాహ్నం 12.40

ఓబులు చెప్పిందే. మీది గట్టి కాంక్రీటు భవనమైతే, నడిచి దూరంగా పోయే వీలు లేనప్పుడు పై అంతస్తులకి ఎక్కడం కారులో ఇరుక్కోవడం కంటే మేలు. మీది ఎన్ని అంతస్తులు? డాబా తలుపు తెరిచే ఉంటుందా?

బందరు పిల్ల, 1 ఆగస్టు, మధ్యాహ్నం 12.44

నాలుగు. డాబాకి తాళం. తాళంచెవి సెక్రటరీ గారి దగ్గర. ఆయన డిసెంబరు నుంచి మార్చి దాకా అమెరికాలో ఉంటారు.

సోమరి, 1 ఆగస్టు, మధ్యాహ్నం 12.45

పది నిమిషాల్లో బులెటిన్, నాలుగు నెలల్లో తాళంచెవి.

మైలాపూర్ తాతయ్య, 1 ఆగస్టు, సాయంత్రం 5.30

ఒరిస్సాలో 2020లో వెంకటరాయిపూర్, నోలియాసాహి అనే రెండు పల్లెలకి యునెస్కో వాళ్ళు "సునామీకి సిద్ధం" అని గుర్తింపు ఇచ్చారు. నోలియాలంటే ఎవరనుకున్నారు? ఆ తీరాన తెలుగు మాట్లాడే మత్స్యకారులే. ఎటు పరిగెత్తాలో బోర్డులు పెట్టారు, మాటిమాటికీ పరిగెత్తి చూసుకున్నారు. వాళ్ళు చేయగా మన తిరువాన్మియూర్ చదువుకున్న అపార్టుమెంటు ఒక తాళంచెవి సంపాదించలేదా?

కలాసీ నాయనా, నాకొకటి తోచింది. మీవాళ్ళ కోసం తెలుగులో నాలుగు ముక్కలు రికార్డు చేసి పంపుతాను. అందరూ కంఠతా పెట్టండి. ఒడ్డున ఉన్నవాళ్ళెవరైనా వైర్‌లెస్ దగ్గర ఫోను పెట్టి వినిపించవచ్చు కూడా. కొలమానం, మాటలు నువ్వు సరిచూడు.

కొలమానం, 1 ఆగస్టు, సాయంత్రం 6.12

"సునామీ. ఒడ్డుకి రావద్దు. లోతు నీళ్ళలోకి పొండి. మళ్ళీ చెప్పేదాకా అక్కడే ఉండండి." ఇంతకు మించి ఒక్క మాట వద్దు.

బందరు పిల్ల, 17 ఆగస్టు, రాత్రి 9.03

చెప్పడం మరిచాను. సంఘం మీటింగులో తాళంచెవి సంగతి ఎత్తాను. దొంగలు పడతారన్నారు ఒకరు, అప్పడాలు ఎవరో ఎత్తుకుపోతారన్నారు ఇంకొకరు. గంటన్నర వాదన. చివరికి రెండో చెవి చేయించి మూడో అంతస్తులో మీటరు బోర్డు పక్కన మేకుకి తగిలించారు. కింది అంతస్తులో ఇస్త్రీ పెట్టుకునే కుటుంబానికి, వాచ్‌మన్‌కీ చూపించాను. అమ్మకి ఫోను చేసి చెప్తే, "ఆ మేకు గట్టిగా ఉందా?" అంది.

కాసిమేడు కలాసీ, 19 ఆగస్టు, రాత్రి 8.20

తాతా, నువ్వు పంపింది మా బోట్లో అందరి పోన్లలోకీ ఎక్కించినాను. పక్క బోటోళ్ళూ అడిగి తీసుకున్నారు. ఒక్కటే లోటు. నీ గొంతు మరీ నెమ్మది, పురాణం సెప్పినట్టుంది. ఇంజను ఆడతంటే 'వద్దు' అన్న ముక్క ఇనిపించట్లేదు, 'రా' ఒక్కటే ఇనిపిత్తంది. ఇంకోపాలి గట్టిగా అరిసి పంపు.